అంబుజమ్మ బోణీ

నేను ఫ్యూచరిస్ట్‌ని. అంటే, వచ్చే పదేళ్ళలో ఏ యంత్రం వస్తుందో, అది వచ్చాక మనుషులు ఎలా మారతారో కంపెనీలకు ముందే చెప్పి డబ్బు తీసుకుంటాను. మా తాత పంచాంగం చూసి వాన ఎప్పుడొస్తుందో చెప్పేవాడు. తప్పితే ఊళ్ళోవాళ్ళు అరుగు దగ్గరికే వచ్చి నిలదీసేవారు. నన్ను నిలదీసినవాడు ఇంతవరకు లేడు. నేను చెప్పిన సంవత్సరం వచ్చేసరికి, అడిగినవాడు వేరే కంపెనీలో ఉంటాడు.

చిన్న ఊళ్ళ అంగళ్ళు ఫోన్ ఆర్డర్లకు ఎంత త్వరగా అలవాటు పడతాయో చూడడం ఈసారి పని. చిక్కబళ్ళాపురం అయింది, చింతామణి అయింది. అవే ప్రశ్నలు, అవే తలఊపులు. బాగేపల్లి చేరేసరికి నాకు భవిష్యత్తంటేనే విసుగు పుట్టింది. అది రాకపోతేనే బాగుండుననిపించింది.

అక్కడ అంగడి వీధిలో శ్రీరామయ్య శెట్టి గారి కిరాణా అంగట్లో కొన్నాళ్ళు కూర్చుని చూడాలి. మొదటి రోజు పొద్దున ఆయన షట్టరెత్తి దీపం పెట్టగానే ఒక ముసలామె మెట్టెక్కింది.

“బోణీ అయిందా అప్పా?”

“యాడయిందమ్మా, నీకోసమే చూస్తాండా,” అన్నాడాయన.

ఆమె రూపాయి నాణెం ఆయన చేతిలో పెట్టి, పసుపు కొమ్ము తీసుకుని పక్క అంగడికి వెళ్ళింది.

ఆమె పేరు అంబుజమ్మ. ఆమె చెయ్యి మంచిదని, మొదటి బేరం ఆమెతో అయితే ఆ రోజు గల్లా నిండుతుందని వీధి నమ్మకం. భర్త పోయినప్పుడు, ఇంకా ఆమె చేత బోణీ ఏమిటని కొందరు నసిగారట. శ్రీరామయ్యే ముందుగా ఆమెను పిలిచి వాళ్ళ నోళ్ళు మూయించాడట. నెలకోసారి అంగళ్ళవాళ్ళు తలా కాస్త బియ్యం, పప్పు ఇస్తారు. ఆమె పొయ్యి వెలిగేది దాంతోనే.

ఆమె అటు వెళ్ళగానే శ్రీరామయ్య గల్లా పెట్టెలోంచి ఫోన్ తీశాడు. రాత్రంతా ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి, డబ్బులు కూడా పడ్డాయి. అది ఆయన కొడుకు లోకేశ్ పెట్టించిన ఏర్పాటు.

“బోణీ రాత్రే అయిపోయిండాది,” అన్నాడు నావైపు చూడకుండా. “ఆయమ్మకు చెప్పేదెట్లా? ఈ వీధిలో ఎవురూ చెప్పరు.”

పోబోయే పనుల గురించి నేను ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చానో లెక్కలేదు. డ్రైవర్లు, గుమాస్తాలు, క్యాషియర్లు అంటూ గుక్క తిప్పుకోకుండా చెప్తాను. బోణీ చేసే మనిషి మాత్రం ఏనాడూ నా నోట రాలేదు.

చివరి రోజు నేను వెళ్ళేసరికి అంగడి ఇంకా తెరవలేదు. అంబుజమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది. నేనూ పక్కన కూర్చున్నాను.

“నువ్వు ముందు జరగబోయేది చెప్తావంట కదా నాయనా?”

“చెప్తానమ్మా. కంపెనీలకు.”

“ఈ పొద్దు నీకు బోణీ అయిందా?”

కాలేదన్నాను. ఆమె కొంగు ముడి విప్పి ఒక రూపాయి నా అరచేతిలో పెట్టింది. బోణీ బేరం కాదనకూడదని నాకూ తెలుసు.

“ఫోను రాత్రే బోణీ చేసేస్తాండాదని నాకు తెలుసు. వీళ్ళు కాలేదంటాండారు. నేను నమ్మినట్టు ఉంటాండా. ఇది ఇంకా ఎన్నాళ్ళు జరుగుతాదో చెప్పు.”

ఫోన్లు ఎప్పటికి ఏం చేస్తాయో చెప్పగలను. ఒక మనిషి కోసం నలుగురు ఎన్నాళ్ళు అబద్ధమాడతారో లెక్కగట్టడం నాకు రాదు. ఆ మాటే చెప్పాల్సింది. అలవాటైన నోరు ఊరుకోదు కదా. శ్రీరామయ్య ఈ వయసులో ఇంకెన్నాళ్ళు అంగట్లో కూర్చోగలడో తలుచుకుని, “రెండేళ్ళు జరుగుతుందమ్మా,” అన్నాను.

“రెండేండ్లా,” అంది. ముఖం తేటపడింది. “చాలులే. అంతకన్నా నాకూ అక్కరలేదు.”

అప్పుడే లోకేశ్ బండి దిగి షట్టరెత్తాడు. తండ్రి కంటి డాక్టరు దగ్గరికని తొలి బస్సుకే చిక్కబళ్ళాపురం వెళ్ళాడట. లోకేశ్ చెడ్డవాడు కాడు. దీపం పెట్టి, ఆమె కూర్చోవడానికి స్టూలు జరిపాడు.

“బోణీ అయిందా నాయనా?” అని అడిగింది ఆమె, ఇంకో నాణెం చేతిలో పట్టుకుని.

“ఎప్పుడో అయిపాయ గదవ్వా,” అన్నాడు ఫోన్ చూసుకుంటూ, మామూలుగా. “నీకేం కావల్లో చెప్పు, ఇస్తా.”

ఆమె నాణెం ఉన్న చెయ్యి కాసేపు అలాగే చాచి ఉంచి, తర్వాత నాణేన్ని మెల్లగా కొంగున ముడి వేసుకుంది. పక్క అంగళ్ళ షట్టర్లు లేస్తున్నాయి. అటు చూసింది గానీ వెళ్ళలేదు. మెట్టు దిగి నా దగ్గర ఆగింది.

“నీ లెక్క తప్పినాది నాయనా.”

నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళలో ఎదురుగా నిలబడి నాతో ఆ మాట అన్న మనిషి ఆమె ఒక్కతే. రూపాయి తిరిగి ఇవ్వబోయాను. ఆమె నా గుప్పిట మూసేసింది.

“బోణీ దుడ్డు వెనక్కియ్యకూడదు. పెట్టుకో. ఈ పొద్దు నీకొక్కనికన్నా చేసినా గదా.”