ఇంటికొచ్చే పొగ

సాయంత్రం బట్టీ పని ముగించుకుని వెన్‌లాన్ స్కూటర్ మీద వంతెన దాటి లిన్‌హేలోని ఇల్లు చేరుతుంది. నూడుల్స్‌కి పెట్టిన నీళ్లు మరిగేలోపు ఆమె బట్టీ పొగ కూడా వంతెన దాటి వచ్చేస్తుంది. నడిచి వస్తుంది కాబట్టి కాస్త ఆలస్యం. కాపలాదారు గెంగ్ తాత గేటు తీసి, మీ పొగ పైకొస్తోందమ్మా అని కేకేస్తాడు.

లిన్‌హే నగరం రూల్సు బిగించిన ఏడాది టైల్స్ బట్టీలన్నీ మూటాముల్లె సర్దుకుని అవతలి ఒడ్డున ఉన్న షాన్‌కౌకి పోయాయి. పొగ వడకట్టే యంత్రం పెట్టమంటే ఎవరికి మనసొప్పుతుంది? షాన్‌కౌ వాళ్లేమో స్థలమిచ్చి, టీ పోసి మరీ పిలిచారు. ఆకాశం తేటపడిందని లిన్‌హే వాళ్లు మురిసిపోయి మేడల మీద బొంతలు ఎండేసుకున్నారు. ఆ చలికాలం నుంచే పొగలు ఇళ్లకు రావడం మొదలుపెట్టాయి, ఏ యజమాని పొగ ఆ యజమాని గడపకి. ఊరు దానికీ అలవాటుపడింది. మెట్ల మీద ఎదురైతే పక్కకు జరిగి దారిస్తారు.

వెన్‌లాన్ పొగ తిన్నగా ఆమె ఆరేళ్ల కూతురు తావ్‌తావ్ మంచం పక్కన చేరేది. పిల్లకి అదంటే ప్రాణం. కానీ దగ్గు పట్టుకుంది, రాత్రిళ్లు నోరు తెరిచి రొప్పేది. ఇలాగే ఉంటే వచ్చే చలికాలం తట్టుకోలేదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కితే పొగ కాసేపు మెట్ల మీద కూర్చుని, తాళం కన్నంలోంచి దూరి వచ్చింది.

ఇక బట్టీని ఎగువనున్న పైచౌ నగరానికి మార్చేద్దామనుకుంది వెన్‌లాన్. అంత దూరం పొగ నడవలేదులే అని ధీమా. షాన్‌కౌ పరిశ్రమల్ని లాక్కోవాలని పైచౌలో రూల్సు మరీ వదులు చేశారు. అక్కడి అధికారి తినమని వేయించిన గింజల పళ్లెం ముందుకు జరిపాడు.

"మేం వద్దంటే పక్క ఊరు రమ్మంటుంది మేడమ్. మాకెందుకు ఆ నష్టం?"

రేపు సంతకం పెడతానని బయటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఇంటికి తిరిగొస్తూ వంతెన మీద స్కూటర్ ఆపేసింది. వంతెన నిండా పొగలే. నల్లవి, పసుపువి, అద్దకం మిల్లుల నీలివి, చప్పుడు లేకుండా, ఒకదానికొకటి దారిచ్చుకుంటూ ఇళ్లకు వెళుతున్నాయి. ఓ ముసలి పొగ రొప్పుతూ పిట్టగోడకి చేరగిలబడింది.

"అదింకా మూడు ఊళ్లు దాటాలమ్మా," అంది చేపలమ్మే ఆవిడ. "ఆలస్యమవుతుంది గానీ, చేరకుండా ఉండదు."

 వెన్‌లాన్‌కి రెండు చేతులూ జోడించాలనిపించింది, ఎవరికో తెలియలేదు.

ఆమె సంతకం పెట్టలేదు. షాన్‌కౌలోని బట్టీకే యంత్రం బిగించింది. తోటి బట్టీల వాళ్లు వెర్రిదన్నారు. షాన్‌కౌ అధికారి కంగారుగా వచ్చి, ఇక్కడ ఆ రూలు లేదుగా, ఎవరు పెట్టమన్నారని అడిగాడు.

"నా పొగ మా ఇంటికే వస్తోందండి. మీ ఊరి పొగలన్నీ ఎక్కడికి పోతున్నాయో ఓసారి చూసుకోండి," అంది.

ఆ సాయంత్రం అతను పొగల వెనకాలే వంతెన దాకా నడిచాడు. కొన్నాళ్లకు షాన్‌కౌ కూడా లిన్‌హే రూలే తెచ్చింది. పైచౌ ఇంకా ఆలోచిస్తోంది.

వెన్‌లాన్ బట్టీలో యంత్రం తిరగడం మొదలుపెట్టిన తొలి సాయంత్రం తావ్‌తావ్ గుమ్మంలో కూర్చుని ఎదురుచూసింది. చాలాసేపటికి మెట్లెక్కి వచ్చింది పొగ, గుప్పెడంత, తెల్లగా. పిల్ల దాన్ని ఒళ్లో పెట్టుకుని అక్కడే నిద్రపోయింది. వెన్‌లాన్ భయంభయంగా వంగి చూసింది. కూతురు నోరు మూసుకుని, ముక్కుతోనే ఊపిరి తీస్తోంది.