గడియ లేని తలుపు

ఎనభై అయిదో సంవత్సరం మే నెలలో, బడికి సెలవులిచ్చిన వారానికి, జయమణి టీచరు స్నానాల గదిలో జారి పడింది.

నందిగామలో మధిర రోడ్డు పక్క సందులో ఆమెకు చిన్న సొంత ఇల్లుంది. వయసు నలభై ఎనిమిది. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయి నాలుగేళ్లయింది. అన్న ప్రేమానందం కొత్తగూడెంలో గుమాస్తా. బడి ఉన్న రోజుల్లో అయితే పదింటికల్లా ఎవరో ఒకరు టీచరు రాలేదేమని అడిగేవాళ్లు. సెలవుల్లో అడిగేవాళ్లు లేరు.

పడటంతోనే కుడి కాలు మడమ దగ్గర విరిగింది. లేవలేకపోయింది. చెక్క తలుపు తడికి ఉబ్బి బిగుసుకుని ఉంది. గడియేమో పైన. కూర్చుని ఎంత చాచినా చెయ్యి అందలేదు. అరిచింది. వడగాలికి సందులో అన్ని తలుపులూ మూసి ఉన్నాయి. దాహమేస్తే తొట్టిలో నీళ్లు తాగింది. ఆ రాత్రి గడిచింది. మర్నాడు పొద్దున్నే పాలు పోసే బేబి వచ్చి రెండుసార్లు పిలిచింది. జయమణి జవాబు చెప్పింది గానీ అప్పటికే గొంతు పోయి ఆ మాట వీధి తలుపు దాకా వెళ్లలేదు. అన్నగారి ఊరు వెళ్లి ఉంటుందనుకుని బేబి వెళ్లిపోయింది.

పదకొండు దాటాక, కరెంటు మీటరు చూసుకునే ఆయన వరండాలోకి వచ్చి, లోపల చెంబుతో తలుపు మీద కొడుతున్న చప్పుడు విన్నాడు. ఇద్దరు మనుషుల్ని పిలుచుకొచ్చి గునపంతో వీధి తలుపు గడియ విరగ్గొట్టాడు. తర్వాత స్నానాల గది తలుపు పగలగొట్టాడు. తడి చీర కప్పుకుని మూలకు ఒదిగి ఉన్న ఆమెను చూసి ముఖం పక్కకు తిప్పుకుని, "ఎవరన్నా ఆడమనిషిని పిలవండయ్యా" అన్నాడు.

అన్న వచ్చి నాలుగు రోజులున్నాడు. "మా దగ్గరికొచ్చెయ్యి" అన్నాడు. ఉద్యోగం ఎట్లా అని ఆమె అడిగింది. వెళ్లేటప్పుడు వీధి తలుపుకు కొత్త గడియ పెట్టించి వెళ్లాడు. స్నానాల గది గుమ్మానికి మాత్రం పాత దుప్పటి వేలాడుతూ ఉండిపోయింది.

జులైలో కాలికి కట్టు ఉండగానే ఆమె మాత్రల కోసం మందుల కొట్టుకు వెళ్లింది. కొట్టతను మాట్లాడుతూనే ఒక్క వేలితో బీరువా అద్దాన్ని పక్కకు నెట్టాడు. చుట్టూ చట్రం లేదు, గడియ లేదు. చప్పుడు లేకుండా జరిగింది. ఆమె మాత్రలు తీసుకుని, ఆ అద్దం ఎవరు వేశారని అడిగింది. జగ్గయ్యపేట వెంకటరత్నం అని చెప్పాడు.

వెంకటరత్నం వచ్చి గుమ్మం కొలిచాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. వేళ్ల నిండా పాత గాట్లు.

"స్నానాల గదికి అద్దం తలుపా అమ్మగారూ? కొట్లకేగానీ ఇళ్లకు నేనెప్పుడూ వెయ్యలా."

"వేస్తే నిలబడుద్దా, లేదా?"

"నిలబడుద్దండి. పైన ఇనప పట్టా కొట్టి చక్రాలకు వేలాడదీస్తే తడిసినా బిగుసుకోదు. మనిషి కనపడకుండా గరుకు అద్దం తెస్తా. గడియ ఎక్కడ పెట్టమంటారు?"

"గడియ వద్దు."

అతను ఆమె వంక చూసి, కొలతలు అగ్గిపెట్టె మీద రాసుకుని వెళ్లాడు.

ఆగస్టులో ఒక ఆదివారం, బెజవాడలో చిల్లులు పెట్టించిన అద్దాన్ని వరిగడ్డిలో చుట్టి లారీ మీద తెచ్చాడు. డ్రైవరు సాయం పట్టి వరండాలో దించి వెళ్లిపోయాడు. వెంకటరత్నం నిచ్చెనేసి పట్టా బిగించాడు. తూకం చూశాడు. మళ్లీ విప్పి బిగించాడు. మధ్యాహ్నానికి ఇక అద్దం ఎత్తడమే మిగిలింది.

"నాతో వచ్చే బావమరిది వత్సవాయిలో పత్తికి మందు కొడుతున్నాడండి. ఇంట్లో ఇంకెవరన్నా ఉన్నారా, ఓ చెయ్యి వెయ్యటానికి?"

"నేనే."

"మీ కాలు..."

"బాగైంది. ఎటు పట్టుకోవాలో చెప్పండి."

చెరొక వైపూ పట్టుకున్నారు. వెంకటరత్నం అడుగడుక్కీ మాట్లాడుతూనే ఉన్నాడు. "మీ వైపు కొంచెం పైకి. అంతే. ఇప్పుడు గడప, చూసుకోండి. కంగారేం లేదు." గరుకు అద్దం అవతల అతను ఒక నీడలా కదులుతున్నాడు. ఇంకొక మనిషితో కలిసి ఒక బరువు మోసి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. అద్దం చక్రాలకు తగిలించి అతను "ఇక వదిలెయ్యండమ్మా" అన్నప్పుడు కూడా ఆమె చేతులు వెంటనే వదల్లేదు.

నడుమెత్తులో ఉన్న పిడిని వేలితో నెడితే తలుపు జరిగింది. జయమణి లోపలికి వెళ్లి తలుపు మూసుకుంది. కాసేపటికి అద్దంలో ఆమె నీడ కిందికి దిగిపోయింది.

"అమ్మగారూ?" అన్నాడు వెంకటరత్నం.

"ఉండండి. చూస్తున్నా."

పొడి నేల మీద పక్కకు తిరిగి పడుకుని, చెయ్యి చాచి అద్దాన్ని నెట్టింది. వేళ్లు జారిపోయాయి. రెండోసారి ఎడమ కాలితో నెట్టింది. జానెడు జరిగి ఆగింది. ఆ సందులోంచి వెంకటరత్నానికి ఆమె నేల మీద కనిపించింది. మే నెలలో ఏం జరిగిందో మందుల కొట్టతను అతనికి ముందే చెప్పాడు. అతను వెంటనే కిందికి చూపు దించుకున్నాడు.

"పట్టు చాల్లేదండి. కింద, జానెడెత్తులో ఇంకో పిడి అతికిస్తా. ఎంత ఎత్తులో ఉండాలో మీరే చెప్పండి."

ఆమె పడుకునే ఉండి వేలు పెట్టి చూపించింది. అతను బయటి నుంచి సుద్దతో గీత గీశాడు. పిడి అంటుకున్నాక ఆమె మరోసారి పడుకుని లాగింది. ఈసారి తలుపు పూర్తిగా పక్కకు వెళ్లిపోయింది.

టీ తాగుతూ వెంకటరత్నం వీధి తలుపు వైపు చూశాడు.

"ఇది తోసుకుని బయటికొస్తారు సరే. ఆ తలుపు ఎవరు తీస్తారండి?"

ఆమె కూడా అటు తిరిగి కొత్త గడియ వంక చూసింది.

"బయట్నుంచి తాళంచెవితో తీసే లాకు పెట్టించుకోండి. ఒక చెవి నమ్మకమైనోళ్ల దగ్గరుంచండి" అని, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లాడు.

లాకు పెట్టించడం ఒక పూటలో అయిపోయింది. రెండో తాళంచెవి మాత్రం బల్ల మీద పదకొండు రోజులు పడి ఉంది. బళ్లో ఎవరిల్లూ దగ్గర లేదు. చర్చిలో అందరూ పలకరిస్తారు గానీ, ఇంటికి వచ్చిన వాళ్లెవరని తలుచుకుంటే తల్లి భూస్థాపన నాటి మనుషులే గుర్తొచ్చారు.

చివరికి ఎదురింటి పుష్పవతి దగ్గరకు వెళ్లింది. ఆరేళ్లుగా పొద్దున్నే ఆమె ముగ్గేసే వేళ నవ్వుకునే పరిచయం.

పుష్పవతి తాళంచెవి వంక చూసిందే గానీ చెయ్యి చాపలేదు. "అట్లా కాదు టీచరుగారూ. రేపు మీ ఇంట్లో ఏదన్నా పోయిందనుకోండి, మాటొచ్చేది మాకేగా. ఆయన ఒప్పుకోరు."

"నిజమేలెండి" అంది జయమణి. కాఫీ తాగి వెళ్లమంటే తాగింది. కాఫీ బాగుందని కూడా చెప్పింది. ఇంటికి వచ్చి తాళంచెవి మళ్లీ బల్ల మీద పెట్టింది.

మర్నాడు పాలు పోస్తున్న బేబిని అడిగింది. అడగాలని ముందుగా అనుకోలేదు. గిన్నె పట్టుకుని ఉండగా మాట వచ్చేసింది.

బేబి కొలతగిన్నె క్యానులో వేసి చెయ్యి తుడుచుకుంది. "ఆ రోజు ఇంకొక్కసారి పిలిచుంటే ఇనపడేదేమోనమ్మా. మూడిళ్లు అవతలికి పోయాక కూడా అనిపిచ్చింది. పొద్దు పోతందని ఎనక్కి రాలా." తాళంచెవి తీసుకుని కొంగున ముడేసుకుంది.

ఆ తర్వాత కూడా రోజులు మునుపటిలాగే గడిచాయి. పొద్దున్న పాలు పోసేంత సేపు బేబి, తర్వాత బడి, సాయంత్రం ఇల్లు. స్నానం చేసినప్పుడల్లా జయమణి ఒకసారి కింది పిడి ఉందో లేదో తడిమి చూసుకునేది.

అక్టోబరులో ముసురు పట్టిన ఒక రోజు సాయంత్రం, దిద్దాల్సిన పరీక్ష కాగితాలు తెచ్చుకోవడానికి వీరులపాడు హైస్కూలుకు వెళ్లమని ఆర్డరొచ్చింది. మర్నాడు తెల్లవారుజామున మొదటి బస్సుకే వెళ్లింది. పని త్వరగా తెమిలి పదింటికల్లా తిరిగొచ్చేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది. మెట్టు మీద బేబి కూర్చుని ఉంది. పక్కన పాల క్యాను, సగం పాలు అందులోనే ఉన్నాయి.

"ఎటు పోయారమ్మా?" అంది బేబి లేచి. "పిలిచి పిలిచి తలుపు తీశా. గదులన్నీ చూశా. పెరట్లో బావిలోకి కూడా తొంగి చూశా. చెప్పి పోవద్దా?"

"ఆర్డరు నిన్న సాయంత్రం వచ్చింది..."

"సాయంత్రమొస్తే ఇంటికొచ్చి చెప్పండి. నా ఇల్లు చర్చి ఎనకమాలే. అందరి పాలూ విరిగిపోతన్నయ్." కోపంగానే క్యాను నెత్తికెత్తుకుని వానలోకి దిగిపోయింది.

జయమణి గొడుగు మూసి లోపలికి వచ్చింది. బురద కాళ్ల గుర్తులు ముందు గదిలోంచి మంచం దాకా, వంటింట్లోకి, అక్కడ్నుంచి స్నానాల గది దాకా వెళ్లాయి. అద్దం తలుపు పక్కకు నెట్టి ఉంది. చెప్పి వెళ్లలేదని ఆమెను తల్లి పోయాక ఎవరూ కోప్పడలేదు.

చీపురు తీసింది. మళ్లీ తలుపు మూలన పెట్టేసింది. ఆ గుర్తుల మధ్యే కుర్చీ వేసుకుని, బయట వాన పడుతుండగా, చీకటి పడేదాకా కాగితాలు దిద్దుతూ కూర్చుంది.