తెల్లచుక్క వేసిన కార్డు

సామ్యేలుకు లోకంలో గిట్టనివి చాలానే ఉండేవిగానీ, నకిలీ మెమరీ కార్డును చూస్తే మాత్రం ఒళ్లంతా మండేది. పైన పదహారు జీబీ అని నిగనిగలాడే అక్షరాలుంటాయి. కంప్యూటర్లో పెట్టి అడిగినా పదహారనే చెప్తుంది. లోపల ఉండేది రెండే. ఆ రెండూ నిండేదాకా బుద్ధిగా దాచుకుంటుంది. ఆ తర్వాత ఏమిచ్చినా తీసుకుంటుంది, పేరు రాసుకుంటుంది, సరుకు మాత్రం గాలికి వదిలేస్తుంది. నిండిందని చెప్పదు, చోటు లేదని చెప్పదు. "మనుషుల్లో ఇట్లాంటోళ్లను శానామందిని చూసినా. వస్తువులు గూడా నేర్చినాయి సూడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి తిట్టేవాడు.

నంద్యాల బస్టాండు ఎదురు సందులో అతని అంగడి. రెండువేల తొమ్మిదిలో ఆ సందులో ఇంకా నాలుగు కంప్యూటర్ అంగళ్లున్నాయి. అన్నింట్లోనూ విండోసే. సామ్యేలు దగ్గర మాత్రం రెండు పాత మిషన్లు, రెండింట్లోనూ లినక్స్. పెళ్లి ఫోటోల కార్డులు ఊళ్లన్నీ తిరిగి వైరసులు మోసుకొచ్చేవి. అవి లినక్స్‌ను ఏమీ చేయలేవు. నల్లటి తెరమీద అతను టకటకా కమాండ్లు కొడుతుంటే చూసేవాళ్లకు అదేదో మంత్రంలా ఉండేది. ఆ చూపులు అతనికి ఇష్టమే. ఇష్టం లేనట్టు ముఖం పెట్టేవాడు, అంతే.

కొత్త కార్డు వస్తే అతనికొక పద్ధతుంది. ముందు ఫార్మాట్ చేస్తాడు. తర్వాత వంద మెగాబైట్లు రాయించి వేగం చూస్తాడు. ఆ తర్వాత అసలు పరీక్ష: కార్డును మొదటినుంచి చివరిదాకా నింపేసి, బయటికి తీసి, మళ్లీ పెట్టి, రాసింది రాసినట్టు తిరిగొస్తుందా లేదా అని చదివిస్తాడు. వేగం చూసేది నాలుగు నిమిషాల పని. నిజం చూసేది, ఆ ముసలి మిషన్లలో, రెండున్నర గంటల పని. అన్నీ సరిపోతే కార్డు వెనక వైట్‌నర్‌తో ఒక చుక్క పెడతాడు. ఆత్మకూరు నుంచి, వెలుగోడు నుంచి ఫోటోగ్రాఫర్లు వచ్చి "సామ్యేలన్నా, చుక్క కార్డుందా?" అని అడిగి తీసుకుపోయేవాళ్లు. కంపెనీ పేరు ఎవడూ అడిగేవాడు కాదు.

మల్లీశ్వరి కూడా ఆ చుక్క కోసమే ఆళ్లగడ్డ నుంచి వచ్చింది. శిల్పి గురుస్వామి ఆచారి ఒక్కగానొక్క కూతురు. ముప్పై దాటిన మనిషి. గోళ్లలో రాతిపొడి, అరచేతుల్లో కాయలు. గురుస్వామికి ఏడాదిగా చెయ్యి వణుకుతోంది. ఒక నరసింహస్వామి విగ్రహానికి మాటిచ్చాడు, అదే చివరిదన్నాడు. మొదటి ఉలిదెబ్బ నుంచి చివర విగ్రహానికి కండ్లు చెక్కి తెరిచేదాకా మొత్తం కెమెరాలో పట్టుకోవాలని ఆమె ఆశ.

"పాదాలు, నగలు, ప్రభావళి, అన్నీ నేనే చెక్కుతానన్నా. మొగం మాత్రం నాయన ఎవుర్నీ ముట్టనీడు" అంది. "ఈసారి సూపిస్తానన్నాడు. ఒక్కసారి సూస్తే నాకు రాదు. నూరుసార్లు సూసుకోవల్ల. దాంట్లోంచి ఏదీ తుడిపే పని లేకుండా పెద్ద కార్డియ్యి."

కొత్తగా వచ్చిన ప్యాకెట్ విప్పి పదహారు జీబీ కార్డొకటి తీశాడు సామ్యేలు. పన్నెండింటికి అసలు పరీక్ష మొదలుపెట్టాడు. పన్నెండున్నరకు కరెంటు పోయింది. బ్యాటరీ పది నిమిషాలు కీచుమని అరిచి అదీ చచ్చింది. రెండింటికి కరెంటొచ్చింది. మళ్లీ మొదలుపెట్టాడు. మూడింటికి మళ్లీ పోయింది. మల్లీశ్వరి బెంచీ మీద కూర్చుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, గోడ గడియారం వంక చూస్తోంది.

"రేపు పొద్దున్నే తొలి దెబ్బన్నా. మూర్తం పెట్టినారు. నాలుగున్నర బస్సుకు పోకుంటే కాదు."

నాలుగింటికి కరెంటొచ్చింది. అతను ఫార్మాట్ చేశాడు. వేగం చూశాడు. సెకనుకు నాలుగు మెగాబైట్లు! అంత వేగం అతని అంగట్లో అంతకుముందు ఏ కార్డుకూ రాలేదు. సరుకు తెచ్చేవాడు ఎప్పుడూ తెచ్చే మనిషే. ఆరేళ్లలో ఒక్క కార్డు చెడిపోలేదు. నకిలీ కార్డైతే ఇంత వేగం యాడిది అనుకున్నాడు. అనుకోవడం కాదు, తనకు తాను చెప్పుకున్నాడు. ఈ రెండింటికీ తేడా అతనికి తెలుసు. తెలిసే వైట్‌నర్ మూత తిప్పాడు.

"బంగారం లాంటి కార్డు మల్లీశ్వరమ్మా. భయం లేకుండా తీసుకో."

అంతటితో ఆగుంటే ఒక్క కార్డు తప్పయ్యేది. ఆ వారమంతా కరెంటు అట్లాగే ఏడిపించింది. పెళ్లిళ్ల కాలం, ఫోటోగ్రాఫర్లు వాకిట్లో నిలబడి తొందరపెడుతున్నారు. ఆ ప్యాకెట్లోని మిగతా కార్డులకు కూడా వేగం మాత్రం చూసి చుక్కలు పెట్టేశాడు. అబద్ధం మొదటిసారి చెప్పినప్పుడే గొంతులో అడ్డం పడుతుంది. రెండోసారి నుంచి దిగిపోతుంది.

మూడు నెలల తర్వాత మల్లీశ్వరి మళ్లీ వచ్చింది. మనిషి సగమైపోయింది. గురుస్వామి చనిపోయాడు. విగ్రహం లారీ ఎక్కిన తొమ్మిదో రోజు పక్షవాతం వచ్చింది, నోరు పడిపోయింది, నాలుగు రోజులున్నాడు. కర్మలన్నీ అయిపోయాక ఆమె కెమెరా తెరిచింది. రాయి దింపడం, తొలి దెబ్బ, పాదాలు, నడుము, ఇవన్నీ బ్రహ్మాండంగా కనిపించాయి. సింహం మొహం దగ్గరికి వచ్చేసరికి తెర నల్లబడింది. పేర్లున్నాయి, తేదీలున్నాయి. నొక్కితే ఏమీ రాదు.

"కండ్లు తెరిచినరోజుది నలభై నిమిషాలుండాదన్నా దీంట్లో. అదొక్కటి రానియ్యి. మిగిలిందంతా పోయినా ఏం గాదు" అంది. ఆ తర్వాత, అంతవరకూ ఎవరికీ చెప్పని మాట అతనికి చెప్పింది.

వాళ్లింట్లో ఒక పద్ధతి. విగ్రహం, శిల్పాలు చెక్కే కొట్టం దాటేముందు తెర కట్టి, లోపల ఒక్కరే ఉండి బంగారు సూదితో కంటిపాపలు గీసి కండ్లు తెరుస్తారు. ఎవరి చేత్తో కండ్లు తెరుచుకుంటే వాళ్లే కొట్టానికి పెద్ద. దానికి కాగితాలు లేవు, సంతకాలు లేవు. తాతలనాటి నుంచీ అదే లెక్క. ఆరోజు గురుస్వామి కూతుర్ని తెర లోపలికి రమ్మన్నాడు. ఆమె కెమెరాను ఒక రాతిదిమ్మ మీద నిలబెట్టి పక్కకు జరిగింది. ఆయన బంగారు సూది పట్టుకున్నాడు. చెయ్యి ఆగలేదు. ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకున్నాడు, అయినా ఆగలేదు. కాసేపు విగ్రహం వైపు చూసి, సూది తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"రెండు కండ్లూ నేనే తెరిచినానన్నా. నాయన పక్కన కూచ్చోని చెప్తాంటే నా చేత్తో తెరిచినా. అయిపోయినాక నాయన కెమెరా దిక్కు సూసి చెప్పినాడు, ఇంకమీదట ఈ కొట్టంలో కండ్లు తెరిచేది నా బిడ్డేనని. సామి గుళ్లో ప్రతిష్ఠ అయినాక అందరికీ చెప్తానన్నాడు. చెప్పేలోపల నోరు పడిపాయ." ఆమె కార్డును అతని ముందుకు జరిపింది. "ఇప్పుడు ప్రతాపన్న కొట్టం నాదంటాండాడు. పెదనాయన కొడుకు. కండ్లు చిన్నాయనే తెరిచినాడు, నువ్వు అబద్ధమాడతాండావంటాడు. నేను చెప్పేదానికి ఇదొక్కటే సాక్ష్యం."

"రెండు దినాలియ్యి తల్లీ" అన్నాడు సామ్యేలు.

ఆమె వెళ్లగానే కార్డును లినక్స్ మిషన్లో పెట్టి, ఉన్నదంతా ముందు వేరే డిస్కులోకి తీసుకున్నాడు. ఎన్ని రకాలుగా వెదికినా మొదటి రెండు జీబీల తర్వాత ఏమీ లేదు. ఉత్త సున్నాలు. అప్పుడు, మూడు నెలల కిందట చేయాల్సిన పరీక్ష చేశాడు. ఆరోజు కరెంటు ఒక్క క్షణం కూడా పోలేదు. పోయుంటే బాగుండుననుకుంటూ కూర్చున్నాడు. రెండున్నర గంటల తర్వాత తెరమీద లెక్క తేలింది. పదహారులో మంచివి రెండు.

గురుస్వామి మాట పోలేదు, తుడుచుకుపోలేదు. అసలు ఎప్పుడూ రాయబడనేలేదు. అంత ఘోరం జరిగిందని ముందు మల్లీశ్వరి కోసమే ఏడుపొచ్చింది. ఆ వెంటనే మిగతా చుక్కలు గుర్తొచ్చాయి. ముప్పై కార్డులు. వెలుగోడులో, ఆత్మకూరులో, ఎవరి పెళ్లిళ్లో, ఎవరి తాళిబొట్లో. ఫోటోలైతే ఒక పెళ్లికి రెండు జీబీ దాటవు, ఎప్పటికప్పుడు తుడిపేస్తారు, అందుకే ఇంకా ఎవరూ అడగరాలేదు. ఒక్క కార్డు నకిలీదని ఒప్పుకుంటే ముప్పైమందీ అంగడి మీదికొస్తారు. ఏడుపు ఆగిపోయింది. అది ఆగిన వేగం చూసి అతనికే అసహ్యం వేసింది.

ఆమెకు ఫోన్ చేసి, "రాలేదమ్మా, ఇంకా సూస్తాండా" అన్నాడు. కార్డు ఎందుకు చెడిందో చెప్పలేదు.

ఆదివారం ఆళ్లగడ్డలో, గురుస్వామి కొట్టంలోనే కులపెద్దలు కూర్చున్నారు. సామ్యేలును రమ్మని కబురు పెట్టింది మల్లీశ్వరే. కార్డు తెలిసిన మనిషి వచ్చి చెప్తే పెద్దలు నమ్ముతారని ఆమె ధైర్యం. సగం చెక్కిన అమ్మవార్ల మధ్య చాపలు పరిచారు. ప్రతాప్ ఉతికిన పంచె కట్టుకుని, అప్పటికే పెద్దరికం వచ్చినవాడిలా అందరికీ మంచినీళ్లిస్తున్నాడు.

అందరికన్నా పెద్దవాడు వీరబ్రహ్మాచారి. ఆయన కార్డును అరచేతిలో పెట్టుకుని, గింజను చూసినట్టు చూశాడు.

"సామ్యేలప్పా, ఇది నీ అంగడిదేనా?"

"నాదే పెద్దాయనా."

"నువ్వు పరీచ్చ చేయకుండా ఇయ్యవని విన్నాం. ఈ చుక్క నువ్వు పెట్టిందేనా?"

"నేను పెట్టిందే."

"అట్లయితే చెప్పు. ఇది మంచిదా, కాదా? ఆయమ్మి పట్టినానంటాంది. పట్టింటే ఎట్ల పోతాది? కార్డులో లోపమేమన్నా ఉండాదా?"

మల్లీశ్వరి అతని వైపు చూసింది. బతిమాలే చూపు కాదది. లోపముందని అంటాడని ఆమెకు అనుమానమే లేదు. సంతలో తెలిసిన మనిషి కనపడితే చూసినట్టు, నిమ్మళంగా చూసింది. కాదు, పాడైన కార్డిచ్చినాను, తప్పు నాది, అని మూడు ముక్కలు. అవి నాలుక మీదికి వచ్చాయి కూడా. చాప చివర ఆళ్లగడ్డ ఫోటో స్టూడియో ఓబులేసు కూర్చుని ఉన్నాడు. ఆ ప్యాకెట్లోవే నాలుగు కార్డులు కొన్న మనిషి. చెవులు రిక్కించి వింటున్నాడు.

"నా కాడినుంచి పొయ్యేటప్పుడు కార్డు మంచిదే పెద్దాయనా" అన్నాడు సామ్యేలు. "ఆయమ్మకు కెమెరా కొత్త. యాడో తప్పు నొక్కింటాది."

కొట్టంలో చిన్న గుసగుస లేచింది. ప్రతాప్ నవ్వలేదు. నవ్వుంటే సామ్యేలుకు కొంచెం తేలిగ్గా ఉండేది. వీరబ్రహ్మాచారి కార్డును చాప మీద పెట్టాడు. "సచ్చిపోయిన నాయన మీద అబద్ధం కట్టేది తప్పు తల్లీ" అని మాత్రం అన్నాడు, చాలా మెత్తగా. మల్లీశ్వరి లేచి ఇంట్లోకి వెళ్లిపోయింది. కొట్టం ప్రతాప్‌ది అయింది. పుట్టినింటి పిల్ల కదా అని, నునుపు పట్టే పని ఆమెకు వదిలారు.

తిరుగు బస్సులో సామ్యేలు తనకు తాను చాలా సర్దిచెప్పుకున్నాడు. అంగడి మూతపడితే తనను ఎవరు చూస్తారన్నాడు. ఆడమనిషి కండ్లు తెరిచిందంటే గుడివాళ్లు ఒప్పుకునేవాళ్లా, ఎట్లా అయినా ఆమె ఓడేదే కదా అన్నాడు. నంద్యాల వచ్చేసరికి దాదాపు నమ్మాడు కూడా. కానీ నమ్మకం పొద్దున్నే లేచేసరికి ఉండేది కాదు. నకిలీ కార్డుల మాట ఎవరైనా ఎత్తితే అతను ఇప్పుడు తిట్టడం మానేశాడు. నెలన్నర ఓర్చుకున్నాడు. ఆ పైన కాలేదు. ఒక మంగళవారం అంగడి మూసి ఆళ్లగడ్డ బస్సెక్కాడు.

మల్లీశ్వరి కొట్టం బయట రేకుల నీడలో ఉంది. ఎవరో చెక్కిన ఆంజనేయుడి భుజాన్ని నీళ్లు పోసి, రుద్దుడురాయితో రుద్దుతోంది. విగ్రహానికి కండ్లచోటు ఇంకా బోడిగా ఉంది. లోపల ప్రతాప్ ఉలి మోత వినిపిస్తోంది.

సామ్యేలు ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. దారిపొడవునా కూడబలుక్కున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు. కార్డు నకిలీదని, ఆరోజు అసలు పరీక్ష చేయలేదని, పెద్దల ముందు కూర్చునేటప్పటికే తనకు తెలుసని, తెలిసే అబద్ధమాడానని. చెప్తుంటే కండ్లనీళ్లు కారాయి. చెప్పేశాక గుండె బరువు దిగినట్టయింది. ఇక ఆమె తిడుతుంది, తిట్టనీ అని తల వంచుకున్నాడు.

ఆమె రుద్దడం ఆపి అతని వైపు చూసింది.

"ఇదంతా నాకెందుకు చెప్తాండావన్నా?" అంది. "కండ్లు తెరిచినదాన్ని నేను. నాయన మాట ఇన్నదాన్ని నేను. నేను తప్పు నొక్కలేదని నాకు తెల్దా? తెలియనోళ్లు లోపలుండారు. పోయి వాళ్లకు చెప్పు."

సామ్యేలు లేచి నిలబడ్డాడు. ఉలి మోత ఆగింది. ప్రతాప్ చేతుల పొడి దులుపుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"ఏంది సామ్యేలన్నా, ఇట్లొచ్చినావ్? ఏమన్నా పనుండాదా?"

మల్లీశ్వరి తలెత్తి సామ్యేలు నోటి వంకే చూస్తోంది.

"ఏం లేదప్పా" అన్నాడు సామ్యేలు. "ఊరికే ఇట్ల పోతాంటి."

ఆమె చెంబులో నీళ్లు విగ్రహం భుజం మీద పోసి మళ్లీ రుద్దడం మొదలుపెట్టింది.