ఎనభై నాలుగు నాటి సీసా

అమెదే కస్తాన్యకు వాసన తెలియకుండా పోయిన సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఫిబ్రవరిలో వారం రోజులు జ్వరం వచ్చింది. లేచి వెళ్ళి, తాను వైన్ తయారుచేసే పెర్లగార్ ద్రాక్షతోట నేలమాళిగ తలుపు తీస్తే లోపల చలి తప్ప ఏమీ లేదు. నలభై ఆరేళ్ళుగా ఆ తలుపు తీయగానే తడి రాయి, పీపాల ఓకు చెక్క, పులిసిన ద్రాక్ష కలగలిసిన వాసన పెంపుడు కుక్కలా ఎదురొచ్చేది. భార్య సిల్వెత్ పోయిన ఈ ఎనిమిదేళ్ళలో పొద్దున్నే అతన్ని పలకరించేది అదొక్కటే.

రేపు తగ్గుతుంది, ఎల్లుండి తగ్గుతుంది అనుకుంటూ జూన్ దాకా లాక్కొచ్చాడు. పీపాల్లోంచి వైన్ తీసి, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, పుక్కిలించి ఉమ్మేసి తలాడించేవాడు. రంగు చూసి, నాలుక మీది పులుపునూ వగరునూ పట్టుకుని ఏదో ఒకటి చెప్పేవాడు. ఫ్రాన్స్‌లోని ఆ ఫ్రోంసాక్ కొండల్లో అతని ముక్కుకున్న పేరు అలాంటిది. ఎవరూ అనుమానించలేదు.

అలా ఉండగా యజమానురాలు మైలీస్ ఒకరోజు పొద్దున్నే వచ్చింది. తాతగారి తోట ఇప్పుడు ఆమె చేతుల్లో ఉంది.

"అమెదే గారూ, గురువారం బెల్జియంలోని ఘెంట్ నుంచి వైన్ వ్యాపారులొస్తున్నారు. ఎనభై నాలుగు నాటి సీసాలు తీద్దాం."

"అవి నాలుగే మిగిలాయమ్మా."

"అందుకే కదా! మీరు ఆ ఏటి కథ చెబుతుంటే తాగాలి వాళ్ళు. నేనూ అంతే, కథ వినడమేగానీ ఇంతవరకూ చుక్క నోట్లో వేసుకోలేదు."

"సరేనమ్మా," అన్నాడు అమెదే.

గురువారం పదకొండు గంటలకు ఎనిమిది మంది పొడవాటి బల్ల చుట్టూ కూర్చున్నారు. అమెదే బిరడా తీసి, అలవాటుగా దాన్ని ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి, అందరికీ పోశాడు. కథ మొదలుపెట్టాడు.

"ఆ ఏడు పూత మీద చలివాన పడింది. మెర్లో రకం ద్రాక్ష పూత సగం పైగా రాలిపోయింది. అక్టోబర్‌లో మళ్ళీ వానలు, కుళ్ళు. 'వచ్చినంతకి ఎవడికో ఒకడికి పోసేయ్, దాని మీద మన పేరు వద్దు' అన్నారు ఈవిడ తాతగారు. నాకప్పుడు ముప్పై ఒకటి, ఆ వేసవిలోనే పెళ్ళయింది. నేనూ మా ఆవిడా గుర్రపుశాల తలుపు ఊడబీకి రెండు పీపాల మీద బల్లలా పరిచాం. తొమ్మిది రోజులు కుళ్ళినవి తీసేస్తూ ద్రాక్ష గింజ గింజా ఏరాం. వచ్చింది మూడు పీపాలు. మా ఆవిడ వేళ్ళు క్రిస్మస్ దాకా నల్లగానే ఉన్నాయి. చర్చిలో చేతులు జోడించడానికి సిగ్గుపడేది."

అతిథులు నవ్వారు. అతను గ్లాసు తిప్పి, కళ్ళు మూసుకుని వాసన చూశాడు.

"ఇదిగో, వయొలెట్ పూలు. ఎండుటాకులు. అడుగున కాస్త పొగాకు."

రాసుకోవడానికి అతిథులు కలాలు పట్టుకునే ఉన్నారు. ఒక్క కలమూ కదల్లేదు. మైలీస్ బల్ల వంకే చూస్తోంది. అతిథుల్లో బల్ల చివర కూర్చున్న అమ్మాయి మెల్లగా అంది: "ఏమీ అనుకోకండి. నాకు తడిసిన అట్టపెట్టె వాసన వస్తోంది. బిరడా చెడి వైన్‌కి పట్టినట్టుంది."

ఆ వాసన పట్టడం పనిలో చేరిన మొదటి వారంలోనే నేర్చుకుంటారు. అమెదే గ్లాసు కింద పెట్టాడు. "అవునవును. ఇంకోటి తెస్తాను," అని లేచాడు.

రెండో సీసా బిరడా తీశాక, అది బాగుందో లేదో తెలుసుకునే దారి అతనికి లేదు. గ్లాసులో కాస్త పోసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. అక్కడ వంటమనిషి యులాలీ అతిథుల కోసం బాతు వేయిస్తోంది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే వరసలో ద్రాక్ష కోసినవాళ్ళు.

"ఇదెలా ఉందో చూడు."

"అబ్బో! నలభై ఏళ్ళకి నన్ను అడగాలని తోచిందా దొరగారికి? ఎండ గానీ తగిలిందా?"

అతను నవ్వలేదు. ఆమె అతని మొహం చూసి పొయ్యి తగ్గించింది.

"ఎప్పట్నుంచి?"

"ఫిబ్రవరి."

"చెప్పొద్దూ మనిషన్నాక!"

"చెప్తే? మర్నాటి నుంచి పొద్దున్నే లేచి ఎక్కడికి పోను?"

యులాలీ చేతులు తుడుచుకుని గ్లాసు అందుకుంది. "బాగుంది. చెడ్డ వాసనేం లేదు."

"ఇంకా?"

"నాకు మీ మాటలేం వస్తాయయ్యా. ఎండిన పళ్ళు... పాత తోలుసంచి... ఇంకేదో చల్లగా, పుదీనా లాగా. పోతోంది, మళ్ళీ వస్తోంది."

పుదీనా. ఎనభై నాలుగు సీసా తీసిన ప్రతిసారీ ముందు తగిలేది అదే. ఇందాక అతను చెప్పిన వాటిలో అది లేదు. నాలుగు నెలలకే మరచిపోయాడు.

తిరిగి వెళ్ళి అందరికీ పోసి, నిలబడే చెప్పాడు: "నాకు వాసన తెలియడం లేదు. ఇందాక జ్ఞాపకం మీద చెప్పాను. తప్పయింది. ఎలా ఉందో మీరే చెప్పండి."

వాళ్ళు మర్యాదస్తులు. ఒక్కొక్కరే చెప్పారు. ఒకరు కాఫీ అన్నారు, ఇంకొకరు అడవిలో నేల అన్నారు. తన ఇంట్లో జరుగుతున్న మాటలను వీధిలో నిలబడి వింటున్నవాడిలా అతను విన్నాడు. వాళ్ళు కార్లెక్కాక మైలీస్ అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ వచ్చే సోమవారం నుంచి వైన్ రుచి చూడటానికి దగ్గర్లోని లిబూర్న్ పట్నం నుంచి ఒకతను వస్తున్నాడు. నెమ్మదస్తుడు, అమెదేని "గారు" అనే పిలుస్తాడు. పీపాలు నింపడం, తొట్లు కడగడం అమెదేకి మిగిలాయి. మిగిలిన రెండు సీసాల్లో ఒకటి మైలీస్ అతని ఇంటికి తెచ్చి ఇచ్చింది. "ఇది వృథా పోకుండా మీరే తాగండి," అంది.

ఆదివారం మధ్యాహ్నం ఒక్కడే కూర్చుని బిరడా తీశాడు. రొట్టె, జున్ను ముందు పెట్టుకున్నాడు. వైన్ చల్లగా, పుల్లగా దిగింది. చివర్లో మాత్రం సన్నటి వగరు నాలుకను పట్టుకుంది, ఆనాడు సిల్వెత్‌తో కలిసి ఏరిన ద్రాక్షల తొక్కల వగరు. అదొక్కటే తెలిసింది. అది వదిలేదాకా ఆగి మళ్ళీ ఒక గుక్క తాగాడు. అలా సాయంత్రం దాకా, నెమ్మదిగా, గ్లాసు పక్కన పెట్టకుండా కూర్చున్నాడు.