కండ్లు పడని సినిమా

మడి కట్టుకున్నాక గోద ఫోను ముట్టుకోకూడదు. అందుకే తన వంటను వీడియో తీయడానికి, స్నానానికి వెళ్లకముందే దాన్ని వంటింట్లో పప్పు డబ్బా మీదో, కిటికీలోనో పెట్టి, ఒకసారైతే ఏకంగా అటక నుంచి తాడుతో వేలాడదీసి, రికార్డింగ్ నొక్కి పోయేది. ఆ తర్వాత పెత్తనమంతా ఫోనుదే. వీడియోలో తల తెగితే తెగింది, ఆవిరి కమ్మితే కమ్మింది. తాడు మెలి తిరిగి వంటిల్లు మొత్తం గిరగిరా తిరిగిన వీడియో చూసుకున్న రోజు ఆమె చప్పట్లు కొట్టింది. పెళ్లైన నాటి నుంచీ తనను తిప్పిన వంటిల్లు, ఇప్పుడు అదే తిరుగుతోంది!

శాలిబండలోని గుడిలో పూజ చేసేది మామగారు అనంతపద్మనాభం. నైవేద్యం ఇంట్లో వండేది గోద. "అయ్యగారి చేతి పులిహోర అమృతం" అని భక్తులంటే మామగారు తల ఊపేవారే తప్ప, ఆ చెయ్యి ఎవరిదో ఒక్కనాడూ చెప్పలేదు. గోదకు ఒళ్లు మండేది. ఆ మంటతోనే వీడియోలన్నీ కలిపి సినిమా చేసింది. దబీర్‌పురాలో నవాబుల కాలం నాటి ఒక పాత భవంతిలో, దేవిడీలో, కొత్త తరహా సినిమాలు వేసేవాళ్లు, ఆదివారం వేస్తాం రమ్మన్నారు. ఆమె కాలు నేల మీద నిలవలేదు.

"మొకం లేదు, పాట లేదు. పొయ్యిని చూడనీకి ఎవలొస్తరే?" అని నవ్వాడు భర్త కేశవ్.

మామగారు నవ్వలేదు. "స్వామికి పెట్టకముందు నైవేద్యం మీద పరాయి కండ్లు పడొద్దు. మూత పెట్టి తీస్కపోయేది గందుకే. నువ్వు ఊరందరికి చూపిస్తవా? బంద్ జెయ్యి."

గోద ప్రాణం ఉసూరుమంది. అంట్లు తోముతున్నంతసేపూ అదే గొడవ మనసులో. ఆ నియమాన్ని ఆయనకంటే ఎక్కువ పాటించింది తనే కదా! చూడకూడదు, సరే. మరి వింటే? మసి చేతులతోనే ముందుగదిలోకి పరుగెత్తింది.

"మామయ్యా, ఇంటే దోషమా?"

"ఇంటే ఏం దోషం? చూడొద్దు, గంతే."

గోదకు ఎగిరి గంతేయాలనిపించింది. గిన్నె మీద మూత పెట్టినట్టు, సినిమా అంతటి మీదా నలుపు కప్పేసింది. అందులో పడ్డ మాటలను, చప్పుళ్లను మాత్రం ముట్టుకోలేదు.

ఆదివారం దేవిడీ నిండిపోయింది. శాలిబండ ఆడవాళ్లు ఆటోలు కట్టించుకుని మరీ వచ్చారు. తెరంతా చీకటి. పోపు చిటపటల మధ్య కేశవ్‌వీ మామగారివీ గొంతులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "నా టవలేది?" "గీ అంగీకి గుండీ కుట్టలేదా?" "పొద్దుగాల్నించి ఏం జేస్తున్నవ్?" "స్వామికి ఆలస్యమైతది!" గోద పక్కన కేశవ్ కుర్చీలో కిందికి కిందికి జారాడు.

"ఏమే!" తెరలోంచి అతనే అరిచాడు. "ఇంటున్నవా?"

"ఆఁ, ఒస్తున్న!" వెనుక వరసలో ఒకావిడ అలవాటు కొద్దీ పలికేసింది. హాలంతా నవ్వులు.

"ఏమే! ఇంటున్నవా లేదా?" తెరలోంచి మళ్లీ అదే గొంతు.

ఈసారి హాలులోని ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో పలికారు. గోద ఒక్కతే పలకలేదు.