వానకు అడ్డం

రెండువేల మూడు. వానలు ముఖం చాటేసి మూడో ఏడు. పుంగనూరు దగ్గర ఆ పల్లెలో బోర్లు ఎండిపోయాయి. మదనపల్లె నుంచి ట్యాంకరు వస్తేనే గొంతులు తడిసేది. అలాంటి రోజుల్లో సోషలు అయ్యవారు దొరస్వామి, "చరిత్రంటే రాజులే కాదురా. పూర్వం వాన రాకుంటే జనం ఏం చేసేవాళ్లో మీ అవ్వాతాతల్ని అడిగి రండి" అని పిల్లలకు పని పెట్టాడు. ఊరుకున్నంత ఉత్తమం లేదని పెద్దలు ఊరికే అనలేదు.

మరునాడు పిల్లలు కప్పల పెళ్లి గురించి చెప్పారు, వీధిలో అంబలి పోసిన సంగతి చెప్పారు. ఆయన మురిసిపోతూ విన్నాడు. చివర్లో సుష్మ అనే పిల్ల లేచింది.

"బొల్లి ఉండేవాళ్లు సచ్చిపోతే పూడ్సకూడదంట సార్. పూడిస్తే వాన రాదంట. మా అవ్వ సిన్నప్పుడు అట్లా ఒకామెను తవ్వితీసి కాల్చినారంట. ఆ పొద్దే వానంట."

దొరస్వామి భార్య తులసమ్మకు చేతుల నిండా బొల్లి. పోయిన ఏడు ఆమె కన్నుమూస్తే, తమ కులాచారం ప్రకారం చేని గట్టున పూడ్చిపెట్టాడు. రెండో బెంచీలో కూర్చున్న కూతురు కుసుమ తలెత్తలేదు.

ఊరు మరిచిపోయిన మాటను అయ్యవారే గుర్తుచేశాడు, కొరివితో తల గోక్కున్నట్టు. ఆదివారం పొద్దున్నే జనం ఇంటిముందుకొచ్చారు. ఊరి పెద్ద దాసప్ప చేతులు జోడించాడు.

"నీ మింద మాకేం కోపం లేదప్పా. గొడ్లు నీళ్లకు సస్తాండాయి. తులసమ్మ మాకూ ఆడబిడ్డే."

"ఆమె బతికుండగానే కదప్పా కరువొచ్చింది! ఇంక ఆమె యాడ అడ్డమొచ్చింది?"

"పెద్దోళ్లను అడగమన్నది నువ్వే కదా. అడిగినాం. చెప్పినాక వినకుంటే యాల అడిగినట్టు?"

పారలు పట్టుకుని వాళ్లు చేనివైపు నడిచారు. పరాయివాళ్లు తన పెళ్లాన్ని తవ్వుతుంటే చూడలేక, దొరస్వామి ఒకడి చేతిలో పార లాక్కుని తనే దిగాడు. ఏడుస్తూనే తవ్వాడు. చీర కొంగు కనపడగానే పార పారేసి కూలబడ్డాడు. మిగతా పని వాళ్లే చేశారు.

చితి కాలుతున్నంతసేపూ ఆకాశంవైపే చూశాడు. ఏటా వానకోసం మొక్కే మనిషి, ఆ పూట ఒక్క చుక్కా రాలొద్దని దేవుణ్ణి వేడుకున్నాడు.

ఆ వారంలోనే కుండపోతగా కురిసింది. జనం వీధిలోకొచ్చి గంతులేశారు. దాసప్ప తడుస్తూ వచ్చి దొరస్వామి కాళ్లకు దండం పెట్టి పోయాడు.

కుసుమ గడప దగ్గర నిలబడి అంతా చూస్తూ ఉంది.

"నాయనా, ఇన్నాళ్లూ వానను ఆపింది అమ్మేనా?"

"కాదమ్మా. వాన దానంతటది వచ్చేదే."

"మరి ఇన్నేండ్లు యాల రాలేదు?"

దొరస్వామి ముఖం తిప్పుకుని వానవైపు చూశాడు. పిల్ల లోపలికి పోయి, స్టూలెక్కి, గోడకున్న తల్లి ఫొటో దించి బోర్లా పెట్టింది.