తాళం వేసిన ఇళ్ళు

తూకాలక్క చెడ్డ మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే కథ నడిచేకొద్దీ మీకు ఆవిడ మీద ఒళ్ళు మండుతుంది. నాకూ మండింది.

ఆవిడ పని ఇల్లిల్లూ తిరిగి గర్భిణులనూ బాలింతలనూ పసిపిల్లలనూ చూడటం. భుజాన సంచి, సంచిలో గుండ్రటి ముఖమున్న వేలాడే త్రాసు, దాని కింద కొక్కెం, కొక్కేనికి ఉయ్యాలలా కట్టే గుడ్డ. పిల్లను గుడ్డలో పడుకోబెడితే ముల్లు కదిలి బరువు చూపిస్తుంది. పద్ధెనిమిదేళ్ళుగా కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగి వీధిలో పిల్లలందరినీ తూచింది కాబట్టి, అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు. ఎవరి పిల్ల పాలు సరిగా తాగడం లేదో, ఎవరి కోడలికి కాళ్ళు వాచాయో అడగండి, నిద్రలో లేపినా చెబుతుంది.

కాకపోతే ఆవిడ పరిధిలో రెండువందల పన్నెండు ఇళ్ళుంటే చూసేది రెండువందల ఒకటే. మిగతా పదకొండూ మురికికాలవ అవతల, రాళ్ళ క్వారీ మీద ఉన్నాయి. తొంభై మెట్లెక్కాలి. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. కింది వీధుల్లో అయితే కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు, పిల్ల బరువు పెరిగితే అదంతా ఆవిడ చలవే అంటారు. పైన ఎవరుంటారు, అందరూ రాళ్ళు కొట్టడానికి పోయి ఉంటారు అని తనకు తానే సర్దిచెప్పుకుని, ఎనిమిది నెలలుగా ఆ పదకొండు ఇళ్ళకు ఎదురుగా రిజిస్టరులో ఒక్కటే మాట రాస్తూ వచ్చింది. తాళం.

తాళం వేసిన ఇంటితో ఒక సుఖముంది. దాన్ని మొత్తంలోంచి తీసేస్తారు. అప్పుడు రెండువందల ఒకటికి రెండువందల ఒకటీ చూసినట్టే, నూటికి నూరు. సూపర్‌వైజర్ మేడమ్ మీటింగులో ఆవిడను లేపి నిలబెట్టి అందరిచేతా చప్పట్లు కొట్టించింది. చప్పట్లు ఎవరికి చేదు చెప్పండి.

ఇలా ఉండగా ఆవిడ కూతురు పురిటికి వచ్చింది. ఆసుపత్రిలో ఆడపిల్లను కని రెండో రోజుకే ఇంటికి చేరింది. సొంత ఇంటి బాలింతను తానే చూసి రాసుకోకూడదని నియమం. పక్క వీధుల్లో ఇదే పని చేసే చిన్నామె వచ్చి చూడాలి. మూడో రోజు ఆమె రాలేదు. అయిదో రోజూ రాలేదు. ఆ సాయంత్రం తూకాలక్క ఇంటికి వస్తూ తన గుమ్మం పక్కన సుద్దముక్కతో గీసిన రెండు ఇంటూ గుర్తులు చూసింది. కింద మూడో రోజు తేదీ, అయిదో రోజు తేదీ. వచ్చాం, తాళం వేసి ఉంది అని దానర్థం.

అంతే, ఒంటికాలి మీద లేచింది.

"ఇంట్లో పచ్చి బాలింత ఉంటే తాళం అని రాస్తావా?" అని ఫోనులో దులిపేసింది. "ఎవరికే కథలు చెప్తావు? ఈ విద్య నాకు తెలీదనుకున్నావా?"

"ఒట్టక్కా! ఇంత లావు ఇత్తడి తాళం. చేత్తో పట్టుకుని లాగి కూడా చూశాను. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళారేమో అనుకున్నా."

తూకాలక్క ఇంట్లో ఇత్తడి తాళమనేదే లేదు. కూతురు మంచం మీద నుంచి అంది, "నేను రోజంతా ఇక్కడే ఉన్నానమ్మా. తలుపు తెరిచే ఉంది. ఎవరూ రాలేదు."

మర్నాడు పొద్దున అల్లుడు వచ్చాడు. తూకాలక్క కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఆటో దిగాడు, మెట్టెక్కాడు, బార్లా తెరిచి ఉన్న తలుపు ముందు ఆగిపోయాడు. జేబులోంచి ఫోను తీశాడు. ఇంట్లో ఆవిడ ఫోను మోగింది.

"అత్తయ్యా, ఎక్కడికెళ్ళారంతా? తాళం వేసుందేంటి?"

"పొద్దున్నే ఏం వేళాకోళం బాబూ, లోపలికి రా" అంటూ ఆవిడ గుమ్మం దాటి ఎదురు వెళ్ళింది. అతను ఉలిక్కిపడి వెనక్కి అడుగు వేశాడు. ఎటునుంచి వచ్చారని అడిగాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. అతని వేళ్ళు గుమ్మం మధ్యలో, ఏమీ లేని చోట, టక్కున తగిలాయి. చెక్క మీద తగిలిన చప్పుడు. దాని వెనకే గొళ్ళేనికి తాళం ఊగిన చప్పుడు. ఆ రెండో చప్పుడు ఆవిడ కూడా విన్నది.

లోపలినుంచి కూతురు పిలిచింది. "అమ్మా, పాప లేవట్లేదు. తెల్లారినప్పట్నుంచీ రొమ్ము పట్టలేదు."

తూకాలక్క పరుగెత్తి పాప ముక్కు మీద వేలితో నొక్కి వదిలింది. పసుపు. పొట్ట మీద నొక్కింది. పసుపు. అరికాలు చూసింది, అక్కడా పసుపే. అరికాళ్ళ దాకా కామెర్ల పసుపు దిగితే ఏం చెయ్యాలో ఆవిడ కొన్ని వందల మంది తల్లులకు చెప్పింది. ఆ రోజే, ఆ గంటే, డాక్టరు దగ్గరికి. పాపను గుడ్డలో చుట్టి గుండెకు హత్తుకుని, సంచి భుజాన వేసుకుని బయటికొచ్చింది.

అల్లుడు ఆవిడ చేతుల్లోకి చూశాడు. "పాపేది అత్తయ్యా?" అన్నాడు.

ఆవిడ ఆగలేదు. ఆగితే కాళ్ళు కదలవని తెలుసు.

ఆరోగ్య కేంద్రంలో నర్సుకీ ఆవిడకీ పదేళ్ళ స్నేహం. "ఏంటక్కా ఆ మొహం? ఆ ఖాళీ గుడ్డేంటి? ముందు కూర్చో, నీళ్ళు తాగు" అంది నర్సు. తూకాలక్క పాప మొహం మీద గుడ్డ తొలగించి చూపించింది. నర్సు గుడ్డలోకి చూసి, ఆవిడ కళ్ళలోకి చూసి, మెత్తగా భుజం నిమిరింది. తిట్టినా బాగుండేది. డాక్టరు గదిలోంచే ఒక చూపు చూసి, ఈవిడకు బీపీ తీయండి అని మళ్ళీ కాగితాల్లో తల దూర్చాడు.

తూకాలక్క తన త్రాసు తీసి తలుపు గడియకు తగిలించింది. పాపను గుడ్డలో పడుకోబెట్టి కొక్కేనికి వేసింది. పద్ధెనిమిదేళ్ళలో ఆ త్రాసు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. గుడ్డ కిందికి సాగింది, పాప ఒక్క నిట్టూర్పు విడిచింది, ముల్లు మాత్రం సున్నా మీద నుంచి వెంట్రుకవాసి కూడా జరగలేదు.

"పసుపెక్కిందమ్మా పాపకి. పాలు తాగుతోందా?"

మాట బెంచీ వైపు నుంచి వచ్చింది. ఒక పొడుగాటి మనిషి కూర్చుని ఉంది. కనుబొమల నిండా రాతిపొడి. ఆ బెంచీ ఖాళీగా ఉందని తూకాలక్క ప్రమాణం చేసి చెప్పగలిగేది.

"పాప నీకు కనపడుతోందా?"

"కనపడకేం? నువ్వే ఇన్నాళ్ళూ నావైపు చూడలేదు. నేనిక్కడికి ఎన్నిసార్లొచ్చానో. ఈ నర్సమ్మ నా ఒళ్ళోనే ఫైళ్ళు పెట్టి పోతుంది" అని ఆ పొడుగామె నవ్వింది. "క్వారీ మేస్త్రీకి మాత్రం బాగానే కనపడతాంలే. పదక్కా. ముందు దాని గొంతులో నాలుగు చుక్కలు పడాలి. మా మెట్లు ఈ పక్కనే, మా తోడికోడలు బాలింత."

ఎక్కడికి అని తూకాలక్క అడగలేదు. అడగాల్సిన పని లేదు.

తొంభై మెట్లు. మోకాళ్ళు నొప్పి పెట్టాయో లేదో ఆవిడకు తర్వాత గుర్తు లేదు. పైన పదకొండు ఇళ్ళు వరసగా ఉన్నాయి, పదకొండు తలుపులూ తెరిచే ఉన్నాయి. మిట్టమధ్యాహ్నపు ఎండ. కింద క్వారీలో సుత్తి దెబ్బలు పడుతున్నాయి. ప్రతి గుమ్మం పక్కనా సుద్దతో ఎనిమిది ఇంటూ గుర్తులు, ఎనిమిది తేదీలు. ఆ అంకెలు తూకాలక్కవే. ఏడు అంకెకు నడుమన అడ్డగీత గీయడం ఆవిడకు మొదటినుంచీ అలవాటు.

"నేను పైకి రానే లేదే" అంది.

"రాలేదు. మొదట్లో మేం లేనప్పుడు వచ్చి గీసి పోతున్నావనుకున్నాం. తర్వాత ఒకరోజు మేమందరం చూస్తుండగానే గీతలు పడ్డాయి. పిల్లలు దడుచుకున్నారు. ఇప్పుడు అలవాటైపోయింది."

తోడికోడలు వెంటనే గిన్నెలోకి పాలు పిండింది. పొడుగామె పాపను తన ఒంటికి ఆనించుకుని, పైన పమిట కప్పి, చెంచాతో ఒక్కొక్క చుక్కా వేసింది. నాలుగో చుక్కకు పాప గుటక వేసింది. కానీ కళ్ళు తెరవలేదు. దానికి డాక్టరు కావాలి, డాక్టరుకు అది కనపడాలి. ఆ సంగతి అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

పిల్లలు చుట్టూ చేరారు. తూకాలక్క దూలానికి త్రాసు తగిలించి, ముందుగా ఒక పిల్ల చంకలో ఉన్న చంటిదాన్ని తూచింది. సున్నా. ఆ పక్కవాడిని తూచింది. సున్నా. ఉన్నట్టుండి సంచిలోంచి రిజిస్టరు లాగి, మొదటి ఇంటి వరస తీసి, తాళం అన్న మాట కొట్టేసి పైన రాసింది: నేను వెళ్ళలేదు. ఎనిమిది నెలలకూ ఎనిమిదిసార్లు రాసి సంతకం పెట్టింది. చంటిదాన్ని మళ్ళీ తూచింది. ముల్లు సున్నా మీద కాస్త వణికి, ఆరు కిలోల దగ్గరికి వెళ్ళి నిలబడింది. గుమ్మం పక్కన గీతలు లేవు. ఎందుకలా అని నన్నడక్కండి, జరిగింది చెబుతున్నాను.

రెండో ఇల్లు, మూడో ఇల్లు. చెయ్యి లాగేస్తున్నా రాసింది. పది ఇళ్ళయ్యాయి. మనవరాలిని తూచింది. సున్నా.

పదకొండోది పొడుగామె ఇల్లు.

"ఇంట్లో పిల్లలెంతమంది?" అని అడిగింది తూకాలక్క, అలవాటుగా.

"ఒక్కడు పుట్టాడు. నాలుగు నెలలైంది. బక్కగా పుట్టాడు. వారానికి పాలు మానేశాడు, ఒళ్ళు చల్లబడింది. నీకు కబురు పంపాను, కిందికి నేనే మోసుకొచ్చాను, ఎవరికీ కనపడలేదు. ఇక నువ్వే వస్తావని ఈ గడపలో కూర్చుని కళ్ళు కాయలు కాచేలా చూశాను. గోడ మీద నీ గీతలు పడ్డాయి. ఆ మర్నాడు పోయాడు. తొమ్మిదో రోజు."

కలం ఆగింది. పది ఇళ్ళకు రాసినదానికి మహా అయితే చీవాట్లు పడతాయి. దీనికి విచారణ, దీనికి ఉద్యోగం, ఆ పైన ఇంకేముందో. పుట్టింటికి వెళ్ళింది అని రాస్తే సరిపోతుందేమో అన్న ఆలోచన ఆవిడకు వచ్చింది. వచ్చింది మరి, దాచడమెందుకు. కాగితం మీద 'పు' అని రాసింది కూడా. పొడుగామె చదువురాని మనిషి. పాప వీపు నిమురుతూ నిలబడింది.

తూకాలక్క 'పు' కొట్టేసింది. బాబు పుట్టాడు, నేను వెళ్ళలేదు, తొమ్మిదో రోజు చనిపోయాడు అని రాసింది. మిగిలిన ఏడు నెలలకూ కూడా రాసి, సంతకం పెట్టి, మొత్తం పైకి చదివి వినిపించింది. ఆమె తల ఊపింది.

పాపను గుడ్డలో వేశారు. ముల్లు కదిలింది. రెండు కిలోల మూడువందలు. అప్పుడే ఫోను మోగింది, అల్లుడు ఏడుస్తున్నాడు. "అత్తయ్యా, తలుపు తెరిచే ఉంది, మీ అమ్మాయి లోపలే ఉంది, పాప ఏది?" ఆటో తీసుకుని మెట్ల కిందికి రమ్మంది. ఆ సాయంత్రానికి పాప ఆసుపత్రిలో పసుపు తగ్గించే నీలం దీపం కింద ఉంది, నాలుగో రోజుకు రొమ్ము పట్టింది, ఇప్పుడు బడికి వెళుతోంది. తూకాలక్క ఉద్యోగం పోయింది. ఆ సంగతులు అలా ఉంచండి, మెట్ల కింద ఆటో హారన్ మోగుతున్నప్పుడు జరిగింది ఇంకొకటుంది.

పొడుగామె ఇంట్లోకి వెళ్ళి ఒక పాతగుడ్డ తెచ్చింది. ఉతికి మడిచినది. "మావాడి బరువు రాయలేదు నువ్వు" అంది.

రిజిస్టరులో ఆ గడి నిజంగానే ఖాళీగా ఉంది. తూకాలక్కకు కావలసింది దొరికేసింది. చేతుల్లో పాప ఉంది, కింద బండి ఉంది, వెళ్ళిపోతే ఎవరూ ఆపేవాళ్ళు లేరు. ఆవిడ పాపను తోడికోడలి చేతికిచ్చి, ఆ ఖాళీ గుడ్డను కొక్కేనికి తగిలించింది.

గుడ్డ నెమ్మదిగా కిందికి సాగింది. ముల్లు కదిలి ఒక కిలో తొమ్మిదివందల దగ్గరికి వెళ్ళింది, కానీ కుదురుగా నిలబడలేదు. గుడ్డలో పిల్లలు కాళ్ళు ఆడిస్తున్నప్పుడు ఎలా ఊగుతుందో అలా ఊగుతూ ఉంది. తూకాలక్క ముల్లు నిలిచేదాకా ఓపిగ్గా చూసి, అంకె రాసింది.

పొడుగామె ముందుకు వచ్చింది. ఒక చెయ్యి తల కింద, ఒక చెయ్యి నడుం కింద పెట్టి గుడ్డను కొక్కెం మీద నుంచి దించుకుని గుండెకు ఆనించుకుంది.

"తక్కువేనా అక్కా?" అని అడిగింది.

"తక్కువే" అంది తూకాలక్క. "నేను వచ్చి ఉంటే పెరిగేవాడు."